పాలరాతి మొహం మీద మచ్చలు

"మా ఆయన్ని బతకనివ్వరు సార్!" అంటూ మంజుల నరసరావుపేటలోని ఖలందర్ ఆఫీసులో కుర్చీ అంచున కూలబడింది.

నకరికల్లు పక్క పల్లెలో కోటమ్మ, పోయిన చిన్నకొడుకు చైతన్యకు పాలరాతి విగ్రహం చేయించింది. ఆవిష్కరణకు ముందురోజు దాని మొహమంతా మచ్చలు తేలాయి. పల్నాట పగ పాతబడుతుందే గాని చల్లారదు కదా, నేరం వచ్చి ఆ ఇంటితో పాత పగ ఉన్న మంజుల మొగుడు రామాంజి నెత్తిన పడింది. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఇల్లు తగలబెడతామని కోటమ్మ పెద్దకొడుకు సాయిబాబు కబురంపాడు.

ఖలందర్ ఒకప్పుడు బీమా కంపెనీలకు నష్టాలు అంచనా కట్టిన సర్వేయరు, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు. ఆయన కన్ను తప్పించుకున్న గీత ఈ భూమ్మీద లేదని అసిస్టెంటు లిఖిత గట్టి నమ్మకం.

మంజులతో కలిసి ఇద్దరూ వెళ్లేసరికి విగ్రహం కోటమ్మ వరండాలోనే ఉంది. పక్కన ఇత్తడి బిందెలు తళతళా మెరుస్తున్నాయి.

"యాసిడ్ పోశాడు సార్. అన్నీ స్టెయిన్లే, స్క్రాచ్‌లే!" సాయిబాబు పళ్లు నూరాడు.

"రెండూ ఒకటి కాదు బాబూ." ఖలందర్ మచ్చను తడిగుడ్డతో తుడిచాడు, గోటితో గీరాడు, విగ్రహం మెడ తడిమాడు. చెవి మడతలోంచి సన్నటి పీచు తీసి లిఖిత చేతిలో పెట్టాడు. పుల్లటి వాసన. దాంతో ఏం తేలుతుందో లిఖితకు అంతుపట్టలేదు.

రామాంజిని పిలిపించి అందర్నీ కూచోబెట్టాడు.

"తుడిస్తే పోయేది స్మడ్జ్. రంగు లోపలికి ఇంకితే స్టెయిన్. గోటికి తగిలేది స్క్రాచ్. ఇక్కడ అవేవీ లేవు. నునుపు పోయి రాయి మసకబారింది. పులుపు తగిలిన పాలరాయి ఇట్లా అవుతుంది. దాన్ని ఎచ్ అంటారు."

"అదే, యాసిడ్ అంటన్నా గదా!"

"పోస్తే మెడ మీదికి చారలు కారాలి. మెడ శుభ్రంగా ఉంది. నుదుటి మీదా బుగ్గల మీదా మాత్రం చెయ్యి గుండ్రంగా తిరిగింది. ఎవరో ప్రేమగా రుద్దారు. పెద్దమ్మా, బిందెలు తోమినట్టే చింతపండుతో తోమావు కదూ?"

కోటమ్మ తలెత్తింది. "నా బిడ్డ మొహం మెరవాలని తోమా. ఆరినాక జూస్తే ఇట్టయింది."

"మరి మా ఆయన మీదెందుకు తోశావు?" మంజుల నిలదీసింది.

"నీ మొగుడు కావాలనే నా బిడ్డ బండిని ట్రాక్టరుతో గుద్దాడే! యాక్సిడెంటని కేసు కొట్టేశారు. దానికి పడని శిక్ష దీనికన్నా పడనీ అనుకున్నా. తప్పేంది?"

లిఖితకు ఆ ముసలామె మీద కోపం రాలేదు, రావాలని తెలిసినా.

మంజుల మొగుడి వైపు తిరిగింది. "ఏందయ్యా, నిజమేనా?"

రామాంజి తల వంచుకున్నాడు.

"మచ్చలతో రామాంజికి సంబంధం లేదు. నీ పని అయిపోయిందమ్మా," అని మంజులతో చెప్పి ఖలందర్ లేచాడు.

కోటమ్మ అడ్డం నిలబడింది. "నా పని కాలా సారూ. ఆ ట్రాక్టరుకు పడిన సొట్ట గూడా జూడు, కావాలని గుద్దిందో కాదో జెప్పు."

ఖలందర్ మళ్లీ కూచున్నాడు. "ట్రాక్టరు ఎక్కడుంది?"

రామాంజి గుమ్మం వైపు జరిగాడు.

"మా దొడ్లోనే ఉంది సార్, రండి చూపిస్తా," అంది మంజుల.