లేని పెడల్

ఆదివారం ఆరాధన అయ్యాక, మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే ఉన్న రాధాకృష్ణ అంకుల్ ఇంటికి డ్రైవ్ చేశాం. కార్ల కంపెనీలో రిటైరైన ఆయన బేస్‌మెంట్‌లో పాతకాలపు పియానోలు బాగుచేస్తుంటాడు. వచ్చే వారం కచేరీలో నేను వాయించాల్సింది వాటిలో ఒకదాని మీదే. గదంతా చెక్క వాసన, జిగురు వాసన.

"షెరిన్, దీనికి కాలితో తొక్కే పెడల్ ఉండదమ్మా. స్వరం సాగాలంటే, ఇదిగో, కీస్ అడుగునున్న ఈ చెక్కని మోకాలితో పైకెత్తు. పాదంతో మాత్రం ఏమీ తొక్కొద్దు," అన్నాడు అంకుల్.

చర్చిలోలాగే చెప్పులు విప్పి కూర్చున్నాను. మా ఆయన ఇమ్మాన్యుయేల్ ఎదురుగా సోఫాలో వాలాడు. "ఈ డబ్బా కోసమా నా లంచ్ ఎగ్గొట్టించావు?"

మొదలుపెట్టాను. సన్నటి, పొడి శబ్దం. ఇలా నొక్కగానే అలా ఆరిపోతోంది. ఏళ్ల తరబడి చర్చి కీబోర్డ్ వాయించిన కాలు ఊరుకుంటుందా? తనంతట తానే పెడల్ వెతుక్కుంది.

దొరికింది.

మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది. నొక్కాను. స్వరం గదంతా నిండింది... ఆరనే లేదు. అబ్బ, ఎంత బాగుందో!

ఇమ్మాన్యుయేల్ దగ్గాడు. గొంతు పట్టుకుని కళ్లు తేలేశాడు. నా వాయింపు విని చచ్చిపోతున్నట్టు నటించడం పెళ్లైనప్పటినుంచీ ఆయనకి సరదా. నాకు ఒళ్లు మండిపోయింది. ఉండు నీ పని చెప్తా అనుకుని ఇంకా గట్టిగా తొక్కాను.

కాలి కింద ఏదో... గుటక వేసింది.

వంగి చూశాను. నా కుడిపాదం గాలిలో ఆగి ఉంది. దాని కింద ఏమీ లేదు.

"కాలు తియ్యమ్మా..." అంకుల్ సోఫా వైపే చూస్తున్నాడు. "తియ్యి..."

తీద్దామంటే రాలేదు. పైనుంచి ఏదో అదిమిపెడుతోంది. కీస్ మీదనుంచి చేతులు తీసేశాను. అయినా స్వరం ఆగలేదు. ఇమ్మాన్యుయేల్ మొహం నల్లబడింది. ఆయన మడమలు నేలకేసి కొట్టుకుంటున్నాయి. యేసయ్యా... యేసయ్యా... రెండు చేతులతో మోకాలు పట్టుకుని లాగాను. అప్పుడు ఊడొచ్చింది.

బతుకుతాడన్నారు హాస్పిటల్లో. ఆయన మెడ మీద పాదం అచ్చు ఉంది, మెట్టె గుర్తుతో సహా. మంచం పక్కన కూర్చుని, "సారీ అండీ, సారీ," అని చెవిలో చెప్తూ ఏడ్చాను. కళ్లు తుడుచుకున్నాక సరిగ్గా చూశాను.

నేను తొక్కింది కుడికాలితో. అచ్చు ఎడమకాలిది.

రెండు కాళ్లూ కుర్చీ మీదకి ముడుచుకున్నాను. నేలకి తాకనివ్వడం లేదు.

అయినా ఇమ్మాన్యుయేల్ మళ్లీ దగ్గుతున్నాడు. ఆ అచ్చు... మెల్లగా... ఇంకా లోతుకి దిగుతోంది.