సంపు ఖాళీ చేసిందెవరు?

పొద్దున్నే చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి, వాకిట్లో సంపు మూత లేపి చూసిన జమునకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న మధ్యాహ్నం రెండు గంటల పాటు కుండపోతగా వాన పడింది. బజారులో బ్లౌజులు కుట్టే దుకాణంలో కూర్చుని, ప్రతి చినుకూ తన సంపులోకే పోతోందని ఆమె తెగ మురిసిపోయింది. తీరా చూస్తే అడుగున జానెడు నీళ్లు కూడా లేవు. కిందటి వానకూ ఇదే తంతు. అప్పుడు సంపు ఎక్కడైనా పగిలిందేమోనని మేస్త్రీని పిలిపించి మరీ చూపించింది. పగులూ లేదు, పాడూ లేదు. అంటే ఎవరో కావాలనే నీళ్లు వదిలేస్తున్నారు.

ఆ సంపు ఊరికే రాలేదు. మామ ఎల్లన్న బొగ్గు గనిలో రిటైరయ్యి సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక, కాలనీ అవతల సొంతిల్లు కట్టుకున్నారు. వేసిన బోరు రెండో ఎండాకాలానికే ఎండిపోయింది. అప్పటినుంచి పాత క్వార్టరు నల్లా దగ్గరికి రోజూ బిందెలు మోసింది జమునే. మొన్న వేసవిలో ఆ క్వార్టరులో కొత్తగా దిగినావిడ ఆమె బిందె తీసి పక్కన పెట్టేసి, "ఖాళీ చేసి పోయినోళ్లకు ఇంకా ఈడ ఏం పని?" అంది, పదిమంది ముందు. ఖాళీ బిందెతో ఇంటికొచ్చిన జమున, ఇక చచ్చినా ఎవరి నల్లా దగ్గరా నిలబడనని ఒట్టు పెట్టుకుంది.

సంపు కట్టి, డాబా మీద పడే వాన నీళ్లన్నీ పైపులతో అందులోకి మళ్లిద్దామంటే ఇంట్లో ఒక్కరూ కలిసి రాలేదు. భర్త భూపాల్ ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. డ్యూటీ దిగితే నిద్ర, నిద్ర లేస్తే డ్యూటీ. వడపోత డ్రమ్ములో పోయడానికి కంకర, ఇసుక, బొగ్గులు కావాలంటే, ఆ మహానుభావుడు పెరట్లో పడి ఉన్న గని బొగ్గు గంపెడు తెచ్చి కుమ్మరించాడు. పైపులు బిగించే అలీముద్దీన్ అది చూసి తల పట్టుకున్నాడు.

"అన్నా, కట్టెబొగ్గు పొయ్యాలె, కట్టెబొగ్గు! బొగ్గుల కెళ్లి నీళ్లు తోడుడు మీ నాయిన పని ఉండె. నువ్వు నీళ్లల్లకు బొగ్గు పోస్తున్నవేందే!"

ఆ నల్లటి గంపెడూ మళ్లీ బయటికి తోడి డ్రమ్ము కడిగింది కూడా జమునే. ఇక అత్త లస్మవ్వ మొదటినుంచీ ఆ నీళ్లు వద్దనే అంటోంది. ఎల్లన్న మాత్రం మంచీ చెడూ ఏమీ అనలేదు. ముప్ఫై రెండేళ్లు భూగర్భ గనిలో ఊరే నీళ్లు పైకి తోడే పంపు ఆపరేటరుగా చేసిన మనిషి ఈ మధ్య మాటలు తగ్గించేసి, పగలంతా వరండా కుర్చీలోనే కూర్చుంటున్నాడు.

"అత్తమ్మా! సంపుల నీళ్లేమైనయ్?" జమున గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

చేటలో బియ్యం ఏరుతున్న లస్మవ్వ తల ఎత్తలేదు. "నాకేమెరుక?"

"నిన్న నేను దుకాణంల, ఆయన డ్యూటీల. ఇంట్ల ఉన్నది నువ్వు, మామ. నీళ్లకు కాళ్లొచ్చినయా నడిచిపోనీకి? మీరు గాకుంటే పక్కింటోళ్లే మోటరేసుకున్నట్టున్నరు. ఇయ్యాల అటో ఇటో తేలాలె!" కొంగు బిగించి గేటు వైపు నడిచింది.

"ఆగు! వాళ్లననకు." లస్మవ్వ చేట కింద పెట్టింది. "నేనే వదిలిన."

"నువ్వా?"

"నేనే. కప్పు మీద పిట్టలు రెట్టలేస్తయ్, బొగ్గు దుబ్బ పడ్తది. గా నీళ్లు కడుపుల పోసుకుంటమా? మోటరేసి మోరిల వదిలిన. అయితే ఏమంటవ్?"

జమున గేటు దగ్గరినుంచి గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏమంటనా? ఒక్కనాడన్న బిందె ఎత్తినవా అత్తమ్మా నువ్వు? ఆ నల్లా కాడ నన్ను కుక్కను గెదిమినట్టు గెదిమితే నువ్వొచ్చి అడిగినవా? నా పాటికి నేను ఓ ఏర్పాటు చేసుకుంటే అదీ కండ్లల్ల పడ్డదా?"

లస్మవ్వ మళ్లీ చేట ఒళ్లో పెట్టుకుంది. వరండాలో ఎల్లన్న, ఎవరింటి గొడవో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. పొయ్యి మీద చాయ్ పొంగి మంట ఆరిపోయింది.

వారం రోజులు అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు. భూపాల్ మాత్రం, "పోనీ తియ్ జమునా, పెద్దమనిషి" అని దాటేశాడు. పెద్దమనిషైతే ఏం చేసినా చెల్లుతుందా? జమునకు పుండు మీద కారం చల్లినట్టయింది. మళ్లీ మబ్బు పట్టిన రోజు ఆమె దుకాణానికి పోలేదు. ఈసారి అత్తను అక్కడికక్కడే పట్టుకుందామని పక్క గదిలో కిటికీ దగ్గర కాపు కాసింది.

వాన మొదలైంది. గొట్టంలోంచి నీళ్లు సంపులోకి దబదబా దూకుతున్నాయి. కాసేపటికి మోటరు చప్పుడు వినిపించింది. జమున ఒక్క ఉదుటున వాకిట్లోకి వచ్చింది.

మోటరు పైపు మోరీ కాలువలోకి పెట్టి ఉంది. వరండా గోడకున్న స్విచ్చు పక్కన నిలబడింది లస్మవ్వ కాదు. నెత్తిన తువ్వాల కట్టుకుని, జల్లుకు సగం తడుస్తూ ఎల్లన్న. సంపు కేసి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"మామా! ఏంజేస్తున్నవ్?"

"జరుగు, జరుగు! నీళ్లు పెరుగుతున్నయ్." ఆయన గొంతు ఇంత గట్టిగా ఆమె ఏనాడూ వినలేదు. "కింద మనోళ్లున్నరు. ఎవరు నువ్వు? బాయిలకు ఆడోళ్లను గూడ పంపుతున్నరా?"

లోపలినుంచి పరుగెత్తుకొచ్చిన లస్మవ్వ జమున చేయి పట్టుకుంది.

"ఆయననేం అనకు బిడ్డ! నీళ్ల చప్పుడైతే చాలు, బొగ్గుబాయిల ఉన్ననే అనుకుంటడు. ఆరు నెలలాయె. మొన్న బజారుకు పోయి ఇల్లు మర్సిపోయిండు. నేనే దాసిపెట్టిన."

అదే సమయానికి మొదటి షిఫ్టు దిగిన భూపాల్ గేటు ముందు బైకు ఆపాడు. తండ్రిని చూసి బైకు మీదే ఉండిపోయాడు. ఆశ్చర్యం మాత్రం లేదు ఆ ముఖంలో.

"నీకు గూడ తెలుసా?" అంది జమున.

"అమ్మ చెప్పొద్దన్నది."

"తెలిస్తే పిచ్చోన్ని చూసినట్టు చూస్తవనుకున్న," లస్మవ్వ ఏడుస్తోంది. "మా ఆయన నలుగురిల పలుచన అయితడని..."

"నలుగురిల నన్ను గూడ కలిపినవా అత్తమ్మా?" అంది జమున. "మామకు మోకాళ్లు వాసినప్పుడు దవాఖానకు పట్టుకపోయిందెవరు? ఆయనకు ఉప్పు తక్కువెయ్యాలని యాది పెట్టుకునేదెవరు? వారం కింద నిన్ను నోటికొచ్చినట్టు తిట్టిన. పడ్డవ్ గని ఒక్క ముక్క చెప్పలేదు! నన్నెంత చెడ్డదాన్ని చేసిన్రు మీ తల్లీకొడుకులు!"

"ఎవలయ్యా ఆడ లొల్లి?" ఎల్లన్న కసిరాడు. చలికి ఆయన దవడలు కొట్టుకుంటున్నాయి.

భూపాల్ వెళ్లి తండ్రి భుజం పట్టుకున్నాడు. "దా నాయినా, లోపటికి పోదాం. బాయి లేదు, ఏం లేదు."

ముసలాయన ఒక్క విదిలింపు విదిలించాడు. "రిలీవరు రాంది పంపు ఇడ్సిపెట్టి బాయిలకెళ్లి మీదికి ఎట్ల ఎక్కుత? ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న ఎక్కిన్నా?"

భూపాల్ చేతులు దించేశాడు. వాన ఇంకా పెరిగింది. జమున కళ్లు తుడుచుకుని, కొంగు నడుముకు దోపుకుని ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నేనే రిలీవర్ని. సెకండ్ షిఫ్టు. నువ్వు డ్యూటీ దిగు."

ఎల్లన్న ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "పేరు?"

"జమున."

"కొత్తగ వచ్చినవా?"

"లేదు. తొమ్మిదేండ్లయితుంది."

ఆయన స్విచ్చు దగ్గరనుంచి జరిగి ఆమెకు చోటిచ్చాడు. "పైలం బిడ్డ. మోటరు ఆపకు. కింద మనోళ్లున్నరు," అని, నెత్తి తువ్వాల విప్పి ముఖం తుడుచుకుంటూ భార్య వెంట లోపలికి వెళ్లాడు.

జమున అక్కడే నిలబడింది. మోరీలో నీళ్లు పొర్లి వీధిలోకి పోతున్నాయి. ఇటుకలెత్తి, మట్టి మోసి, గంపెడు బొగ్గు తోడి సంపాదించుకున్న నీళ్లు. కిటికీలోంచి చూస్తే మంచం మీద ఎల్లన్న కళ్లు మూసుకున్నాడు గానీ, చెవి ఇటే ఉంది.

ఆయన తల తుడిచి, పొడి చొక్కా తొడిగిన లస్మవ్వ గుమ్మంలోకి వచ్చింది. సంపు కేసి చూసి గాబరా పడింది.

"బంద్ చెయ్యి బిడ్డ. నీ నీళ్లన్ని పోతున్నయ్."

"పోనియ్యి అత్తమ్మా," అంది జమున, చెంపల మీద వానో కన్నీళ్లో తుడుచుకోకుండానే. "మామకు నిద్ర పట్టనియ్యి. కింద మనోళ్లున్నరట."