ఊరికే వచ్చిన పైపు

ఆవిడ పని కట్టుడు పళ్లు తయారు చేయడం. డాక్టర్లు కొలతలు తీసి పంపిస్తే, ఈవిడ మైనంతో మలిచి, ప్లాస్టర్ పోసి, ఆ నోటికి సరిగ్గా కుదిరేలా పళ్లు కట్టి పంపుతుంది. ఇరవై ఏళ్లుగా అదే పని. అందుకే ఎవరైనా ఎదురుపడితే మొహం కంటే ముందు పళ్లు చూస్తుంది. పేరు మరిచిపోతుంది గానీ పలువరస మరిచిపోదు. వీధిలో అందరూ ఆవిణ్ని పళ్లావిడ అంటారు. ఆవిడకూ ఆ పేరు మీద కోపమేమీ లేదు.

ఆవిడ భర్త రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పేవాడు. ఖంగుమనే గొంతు. ఆ గొంతు వింటూ నిలబడిపోయి రైలు తప్పిపోయినవాళ్లు కూడా ఉన్నారని ఆయనే చెప్పుకునేవాడు. ఎంత నిజమో ఆ రైళ్లకే తెలియాలి. మూడేళ్ల కిందట ఆయన ఊపిరితిత్తి ఒకటి సగం కోసి తీసేశారు. పైపు పీల్చి పీల్చి తెచ్చుకున్న జబ్బు. "ఇంకొక్క దమ్ము లాగారంటే నా దగ్గరికి రాకండి. వచ్చినా నేను చేయగలిగింది లేదు" అన్నాడు డాక్టరు. మైకు పోయింది. ఉద్యోగం మాత్రం ఉంచి, అదే స్టేషన్లో పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు.

పైపు తాగడం మానేశాడు. పైపుల మీద ప్రేమ మాత్రం మానలేదు.

"తాగనోయ్. కొని అలా పెట్టుకుంటాను. చూసుకోవడానిక్కూడా ఊపిరితిత్తులు కావాలా ఏమిటి?" అన్నాడు ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకే.

"సరే. ఒక్కదాంట్లోనూ నిప్పు పడకూడదు. పడిన రోజు మీ పైపులన్నీ వీధిలో ఉంటాయి" అంది ఆవిడ.

అలా మొదలైంది. మొదట ఒకటి కొన్నాడు, తర్వాత దానికి జతగా ఇంకొకటి. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, పైపులకు అద్దాల అలమార, అలమారలో చిన్న దీపం. సొంతంగా ఒక పనిగది పెట్టుకుందామని ఆవిడ దాచుకున్న డబ్బంతా మెల్లిమెల్లిగా వెళ్లి ఆ అలమారలో కూర్చుంది. ఆవిడ పంటి బిగువున భరించింది. డబ్బు పోతే పోయింది, మనిషి దక్కాడు కదా అనుకుంది. ఆవిడకు కావలసింది ఆ మనిషే.

నలభై రెండు పైపులకూ డబ్బు పోశారు. నలభై మూడోది ఊరికే వచ్చింది.

"రైల్లో ఎవరో మరిచిపోయి దిగిపోయారు. ఏడాది దాటినా ఎవరూ రాలేదు. వేలం వేస్తే అడిగినవాడు లేడు. నువ్వే తీసుకుపోవయ్యా అన్నాడు మా ఆఫీసరు" అని చెప్పి, జేబులోంచి తీసి చూపించాడు. ఊరికే వస్తే మావాడు మరొకడున్నాడు అన్నట్టుంది ఆయన సంబరం.

నల్లటి పైపు. గిన్నె అంచు మాడి ఉంది. నోట్లో పెట్టుకునే కొస మీద పైనా కిందా లోతుగా పంటిగాట్లు. ఆవిడ చూపు ముందు అక్కడికే వెళ్లింది. అంత గట్టిగా కరిచి పట్టుకుని తాగేవాడు, దాన్ని రైల్లో మరిచిపోయి ఎలా దిగుతాడు?

ఆ వారంలోనే ఇంట్లో వాసన మొదలైంది. తియ్యటి, మగ్గిన పొగాకు వాసన. పరుపు కిందా, తలుపుల వెనకా, ఉతికిన దుప్పట్లలో కూడా. దాంతోపాటు ఆయన ఆయాసమూ పెరిగింది. మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కచోట ఆగేవాడు, ఇప్పుడు మూడుచోట్ల ఆగుతున్నాడు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆవిడ అలమార తెరిచి ఒక్కొక్క పైపూ పట్టుకు చూసింది. నలభై రెండూ చల్లగా ఉన్నాయి. నలభై మూడోది వెచ్చగా ఉంది.

"ఏమండీ, తాగుతున్నారా?"

"నేనా? నీ మీద ఒట్టు!" తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. "అగ్గిపెట్టె నీ వంటింట్లో ఉంది. పుల్లలు లెక్కపెట్టుకో."

"అడిగినదానికి అంత ఉలిక్కిపడడం దేనికి?"

"ఉలిక్కిపడనా మరి? మూడేళ్ల నుంచీ నోరు కట్టేసుకుని బతుకుతున్నవాణ్ని దొంగా అంటే?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు అనుకుంది ఆవిడ. ఆయన చొక్కాలు వాసన చూసింది. వేళ్లు చూసింది. నిద్రపోతుంటే మొహం మీదికి వంగి ఊపిరి కూడా వాసన చూసింది. దగ్గుమందు వాసన తప్ప ఏమీ లేదు. కానీ నిప్పు లేనిదే పొగ రాదు కదా. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ లేనిది, పక్కన పడుకున్న మనిషిని చూస్తే ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

పైపు మీది గాట్లు మునుపటికంటే లోతుగా కనిపించిన రోజు ఆవిడ నిర్ణయించుకుంది. మాటలు అబద్ధం చెప్పొచ్చు. పళ్లు చెప్పవు. ఆ పైపుని గుడ్డలో చుట్టి, భోజనం సంచిలో పెట్టి పనికి తీసుకెళ్లింది.

*

మధ్యాహ్నం పని తగ్గాక మైనం వేడి చేసి, గాట్లలో అదిమి తీసింది. పై పళ్ల కొసలు నాలుగు, కింది పళ్ల కొసలు నాలుగు వచ్చాయి. అరలోంచి భర్త పళ్ల నమూనా దించింది. వెనకపన్ను కట్టినప్పుడు తనే పోసిన ప్లాస్టరది. పక్కపక్కన పెట్టి చూసింది.

ఆయనవి కావు. ఆయనది సన్నని దవడ, ముందు పన్ను కాస్త పక్కకు వాలి ఉంటుంది. ఇది వెడల్పు దవడ. అరిగిపోయిన పెద్ద పళ్లు.

అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది. ఇంటికెళ్లి, "తప్పయిపోయిందండీ" అని ఒక్క మాట అనేస్తే పోయేది. కానీ అనుమానానికి ఒక చోటు మూస్తే ఇంకో చోట దారి దొరుకుతుంది. అయితే ఎవరో ఇంటికొస్తున్నారు! తను ఇంట్లో లేనప్పుడు ఎవడో స్నేహితుడు వచ్చి, ఈయన ఎదురుగా కూర్చుని తాగుతున్నాడు. ఈయన ఆ పొగ పీలుస్తున్నాడు. ఎవడు వాడు? పలువరస మొత్తం కళ్ల ముందు ఉంటే, వీధిలో ఎక్కడ కనబడినా పట్టేయగలదు.

నాలుగు పళ్లుంటే మిగతావి ఎలా ఉంటాయో ఆవిడ చెయ్యి చెబుతుంది. చిగుళ్లు మలిచింది, పక్క పళ్లు పేర్చింది, ప్లాస్టర్ పోసింది. అది ఆరాక పై వరస, కింది వరస తీసుకెళ్లి, దవడలా తెరిచి మూసి చూసే ఇనపచట్రానికి బిగించింది. మర తిప్పి నోరు తెరిచి ఉంచి, మధ్యలో పైపు పెట్టింది. గాట్లలోకి పళ్లు అచ్చంగా కూర్చున్నాయి.

పళ్లకు మెరుగు పెట్టే ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆవిడ ఆయన్ని బాబాయ్ అంటుంది.

"ఎవరివమ్మాయ్ ఈ పళ్లు? చీటీ లేదే?"

"ఎవరివో తెలుసుకుందామనే, బాబాయ్."

"బాగుంది. ఆర్డరు ఇచ్చినవాళ్లవే ఆలస్యమవుతున్నాయి, ఇవ్వనివాళ్లకు కూడా కడుతున్నావా?" అని నవ్వుతూ గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

బయట వాన పట్టింది. ఆరు కాకుండానే కిటికీలు నల్లబడ్డాయి. గదిలో తడి ప్లాస్టర్ వాసన, కరిగిన మైనం వాసన. నీళ్ల కుళాయి ఒక్కో చుక్కా వదులుతోంది. ఆవిడ అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది.

టక్.

వెనక్కి తిరిగింది. చట్రం కదిలినట్టు లేదు. పైపు అలాగే ఉంది. కానీ మర... తను బిగించిన మర వదులై ఉంది. పళ్లు పైపుని గట్టిగా కరిచి పట్టుకున్నాయి.

బరువుకు జారి ఉంటుంది, అంతే.

కుళాయి కట్టేసింది. ఇప్పుడు గది నిశ్శబ్దం. వాసన... మైనం కాదు. ప్లాస్టర్ కాదు. తియ్యటి, మగ్గిన వాసన.

పైపు గిన్నెలో పొగాకు లేదు. పొద్దున్న తనే దులిపింది. ఆ ఖాళీ గిన్నెలో అడుగున ఎర్రగా ఒక చుక్క వెలిగింది. పెద్దదైంది... తగ్గింది. మళ్లీ పెద్దదైంది...

పళ్ల సందుల్లోంచి పొగ వచ్చింది. సన్నగా, నిదానంగా. దాని వెనకాలే ఒక చిన్న ఈల లాంటి చప్పుడు, చివర్లో చిన్న కుదుపు.

ఆ ఈల ఆవిడకు తెలుసు. ఆ కుదుపూ తెలుసు. మూడేళ్లుగా పక్కలో రోజూ వింటున్నదే. పొగ మొహానికి తగిలింది. వెచ్చగా, తడిగా ఉంది. అందులో దగ్గుమందు వాసన.

అచ్చులు పగలగొట్టే సుత్తి చేతికి అందింది. ఎత్తింది.

ఫోను మోగింది.

"ఏమోయ్..." భర్త గొంతు. మాటలు బయటికి రావడం లేదు, లోపలికి లాక్కుంటూ పలుకుతున్నట్టుంది. "ఒక వింత. అరగంట నుంచీ... ఊపిరి లోపలికి వెళుతోంది... బయటికి రావడం లేదు."

"ఏమిటండీ మీరనేది..."

"కంగారు పడకు. ఆయాసం లేదు. నొప్పి లేదు. హాయిగా ఉంది. ఎటో... వెళ్లిపోతోంది."

ఆవిడ కళ్లు పళ్ల మీదే ఉన్నాయి. గుసగుసగా అంది:

"ఏమండీ... ఒక్కసారి గట్టిగా పీల్చి, ఆపండి."

ఫోన్లో పీల్చిన చప్పుడు. ఆగాడు.

పళ్ల సందుల్లో పొగ ఆగిపోయింది.

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

"వదలండి."

ఫోన్లో ఏ చప్పుడూ లేదు. బల్ల మీద ప్లాస్టర్ పళ్ల మధ్య నుంచి పొగ బుస్సుమని వచ్చింది. చివర్లో చిన్న కుదుపు.

సుత్తిని ఎంత మెల్లిగా కింద పెట్టిందంటే, బల్లకు కూడా తెలియలేదు. అదేమిటో గానీ, నిన్నటి దాకా దానికి పైపు మాత్రమే ఉంది. నోరు లేదు. నోరు తనే చేసి పెట్టింది. ఇప్పుడు ఆ నోరు పగిలితే ఆయన పీల్చిన ఊపిరి ఎటు పోతుంది?

"ఏమోయ్, ఉన్నావా?"

"ఉన్నానండీ. వచ్చేస్తున్నాను" అంది ఏడుపు ఆపుకుంటూ.

*

చట్రంతో సహా పాత దుప్పట్లో చుట్టి, రెండు చేతులా ఒళ్లో పట్టుకుని ఇంటికి తెచ్చింది. ఎదురొచ్చి మెట్లు దిగిన ఆయన, ఆవిడతోపాటు మళ్లీ పైకి ఎక్కాడు. ఒక్కచోట కూడా ఆగలేదు. "చూశావా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆవిడ చూసింది. సంతోషించాలో ఏడవాలో తెలియక నవ్వింది.

ఆయనకు చెప్పలేదు. ఏమని చెబుతుంది? అలమార అడుగున చెక్క తలుపున్న అరలో పెట్టి తాళం వేసింది. రోజూ ఆయన స్టేషన్‌కి వెళ్లాక తలుపు తీసి, దూదితో ఊపిరి తడి అద్ది తీస్తుంది. ప్లాస్టర్‌కు తడి పడదు, మెత్తబడి రాలిపోతుంది. ఆ సంగతి ఆవిడకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. చిగురు అంచున ఇప్పటికే రెండుచోట్ల పిండిలా రాలింది. అతుకు వేయాలంటే ఆ కాసేపూ నోరు మూయాలి. ఎంతసేపు మూయవచ్చో ఎవరినడుగుతుంది?

ఆయన మాత్రం హుషారుగా ఉన్నాడు. విచిత్రంగా, పైపులు కొనడం మానేశాడు, నలభై మూడోది ఏమైందని కూడా అడగలేదు. "ఎందుకో చాలనిపించిందోయ్" అన్నాడు. "ఇక నీ పనిగదికి దాచుకుందాం." ఇన్నేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూసిన మనిషి, ఆ మాట విని వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక ఇద్దరూ నడుం వాల్చారు. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆయన ఇట్టే నిద్రపోయాడు. ఆవిడ ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి, అలవాటుగా వింటూ పడుకుంది. ఆయన ఇక్కడ పీలుస్తాడు. ముందుగదిలో అలమార వదులుతుంది. పీల్చాడు... వదిలింది. పీల్చాడు... వదిలింది. అలా వింటూంటే ఆవిడకూ కళ్లు బరువెక్కాయి.

పీల్చాడు.

అలమారలోంచి ఈల వచ్చింది, చివర్లో చిన్న కుదుపు. ఆ వెంటనే ఇంకొకటి వచ్చింది. ఈల లేదు, కుదుపు లేదు. తేలికగా, నిద్రలోకి జారబోతున్న మనిషి వదిలినట్టు.

ఆవిడ కళ్లు తెరిచింది. పక్కకు చూసింది. ఆయన ఒక్కసారే పీల్చాడు.

ఆయన ఛాతీ మీది చెయ్యి మెల్లిగా తీసింది. వేలు తన ముక్కు కింద పెట్టుకుంది. లోపలికి పీల్చి... వదిలింది.

వేలికి గాలి తగల్లేదు.