ఉప్పునీళ్లు తాగిన ర్యాప్

"నా బండి తగలబెట్టినావు గదయ్యా!"

విడవలూరు సెంటర్లో టీ తాగుతున్నవాళ్లంతా తలలు తిప్పారు. స్వర్ణ మోటార్‌సైకిల్‌ను నెట్టుకుంటూ వచ్చింది. సైలెన్సర్ పైపు నుంచి నీళ్లు కారుతున్నాయి. కోపంలో ఈ పిల్ల ఇంత బాగుంటుందని టీ బంకు పక్క షాపులోని మెకానిక్ మాల్యాద్రికి అంతకుముందు తెలియదు.

పొద్దున అతనే ఆ పైపుకు హీట్ ర్యాప్, అంటే వేడి తగలకుండా కాపాడే పట్టీ, చుట్టి ఇచ్చాడు. అంతకుముందు ఆ పైపు తగిలి, వెనక కూర్చునే స్వర్ణ తల్లి చెంచమ్మకు పిక్క కాలి బొబ్బలెక్కింది. చేపల గంప ఒళ్లో ఉంటే కాలు జరుపుకొనే చోటుండదు. ర్యాప్ చుట్టడంలో తనను మించినవాడు ఈ తీరాన లేడని మాల్యాద్రికి గర్వం. ఆ పట్టీని ఇంకొకరి చేత ముట్టనివ్వడు.

"పొగ వచ్చిందా?"

"వచ్చిందా ఏంది! రేవులో జనమంతా పరిగెత్తుకొచ్చినారు."

"కొత్త ర్యాప్ తొలిసారి వేడెక్కితే పొగొస్తది. కాసేపటికి ఆగిపోతది. చెప్పినాను గదా."

"ఎప్పుడు చెప్పినావు? నా ముఖం చూస్తా నిలబడినావు, అంతే."

టీ బంకు దగ్గర నవ్వులు. మాల్యాద్రి చెవులు ఎర్రబడ్డాయి. నిజమే, చెప్పలేదు. ఇన్నాళ్లు సంపాదించిన పేరు నడిరోడ్డు మీద పోతోంది.

కారే చుక్కను వేలితో అందుకొని నాలుకకు ఆనించాడు.

"సముద్రం నీళ్లు పోసినావా?"

"సముద్రం పక్కన పెట్టుకొని బావికి పోతారా? బిందెతో గుమ్మరించినా."

"ఉప్పంతా పట్టీకి పట్టేసింది. ఇట్టనే వదిలేస్తే లోపల పైపు తుప్పు పడతది. విప్పి కొత్తది చుడతా. తప్పు నాదే."

"నీళ్లు పోసింది నేను. నేనే చుడతా."

"నీకు రాదు."

"చూడకుండానే చెప్తున్నావే! పొద్దున అంతసేపు చూసింది చాల్లేదా?"

మళ్లీ నవ్వులు. అతను గ్లవుజులు ఇచ్చాడు.

పాత పట్టీ విప్పి, పైపును మంచినీళ్లతో కడిగి ఆరబెట్టారు. కొత్త పట్టీ మెత్తబడేందుకు బకెట్లో నానింది. ఎలా పట్టుకోవాలో చెప్పబోయాడు. ఆమె అప్పటికే చివర నొక్కిపట్టి లాగింది. వలకు తాడు బిగించే చెయ్యి అది. ప్రతి చుట్టూ ముందు చుట్టు అంచు మీద పడుతోంది. ఒక్క ముడత లేదు. పైపు వంపు దగ్గర అతనికి ఎప్పుడూ కొంచెం వదులొచ్చేది. ఆమె అక్కడ పట్టీని ఏటవాలుగా తిప్పి ఒక్క గుంజు గుంజింది. అతికినట్టు కూర్చుంది.

తనకంటే బాగా చుట్టింది. మాల్యాద్రికి కడుపు మండాలి. ఎందుకో గుండె పొంగింది.

"ఏం, మాట పడిపోయిందా? ఆ స్టీల్ క్లిప్పు అందియ్యి."

అందించాడు.

బండి కాలిపోయిందని విని చెంచమ్మ చేపల గంపతో ఆటోలో వచ్చేసరికి ఇంజన్ ఆడుతోంది. పొగ లేచింది. జనం వెనక్కి జరిగారు. స్వర్ణ కదల్లేదు. మెల్లగా పొగ తగ్గింది. చెంచమ్మ వంగి చూసింది.

"ఎంత బిగువుగా ఉంది! ఎవరు చుట్టినారబ్బయా?"

సెంటరంతా చెవులు పెట్టింది. నేనే అంటే పోయిన పేరు అక్కడికక్కడే తిరిగొస్తుంది.

"మీ అమ్మాయే అత్తా," అన్నాడు అందరికీ వినిపించేలా. "నా చేత కూడా ఇట్టా కాదు."

స్వర్ణ తల వంచుకుంది. అదీ ఒక్క క్షణమే.

"అయితే నీ షాపులో ఇంకో స్టూలు ఎయ్యి. హెల్పర్‌గా మాత్రం రాను."

"హెల్పర్‌గా ఎవురు రమ్మన్నారు?"

"మరెట్టా?"

మాల్యాద్రి గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "పెళ్లి చేసుకొని."

టీ బంకు దగ్గరివాళ్లు గ్లాసులు పట్టుకొని దగ్గరికి జరిగారు.

"చేపల యాపారం మానను," అంది స్వర్ణ.

"మానమన్నానా? గంప నేను దించుతా."

ఆమె ముఖం తిప్పేసుకుంది. నవ్వు మాత్రం దాగలేదు. అది చూసి చెంచమ్మ బండెక్కి, గంప సర్దుకొని, అతన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"రేపు మా ఆయన చేపల వేట నించి వస్తాడు. ఇంటికి రా. చొక్కా తెల్లది ఎయ్యి. చేతుల గ్రీజు మాత్రం కడుక్కోబాక. వచ్చినోడు ఏం పనోడో ఆయనకు తెలవాల."