బెల్లంపల్లి అనే దేశం

ఆదిలాబాద్ వదిలేలోగా చేయాల్సిన పనులు:

ఒకటి. టైర్లు నాలుగూ, స్టెప్నీ చూడాలి.
రెండు. నలుగురి దొంగ పర్మిట్లు సరిచూడాలి.
మూడు. ఏడున్నరకు నర్మదను ఎక్కించుకోవాలి. కోడ్‌వర్డ్: జొన్నరొట్టె.
నాలుగు. ఎవరు అడిగినా మనం నాగపూర్ దోస్తులం. పరదేశం చూడ్డానికి కారేసుకుని వచ్చాం. చాందాలో పెళ్లి చూసుకుని ఇంటికి పోతాం.
ఐదు. తొమ్మిదింబావు బల్లకట్టు ఎట్టి పరిస్థితుల్లోనూ మిస్ కాకూడదు.
ఆరు. చదివాక ఈ కాగితం కాల్చేయాలి.

ఏజెంట్ నైన్ అంబదాస్ మొదటి రెండింటికీ టిక్కు పెట్టాడు. సిరిసిల్ల నేతగాళ్ల ఇళ్లలో అతనే మొదటి బి.ఏ. చీఫ్ ఆర్డర్ ఇచ్చాడంటే కామా కూడా వదలడు.

1948 జూన్. హైదరాబాద్ స్టేట్ ఇంకా ఇండియన్ యూనియన్‌లో కలవలేదు. పెన్‌గంగ నదికి ఇవతల స్టేట్, అవతల యూనియన్. అంబదాస్ యూనియన్ ఏజెంట్. పుట్టింది ఇక్కడే అయినా కాగితాల ప్రకారం ఇది అతనికి పరదేశం.

టంగ్. టంగ్. టంగ్.

రాయమల్లు చేతికర్రతో ఫోర్డు కారు చుట్టూ తిరుగుతూ డోర్లు తడుతున్నాడు. బెల్లంపల్లి బొగ్గుగనిలో పదకొండేళ్లు మందుగుండు పేల్చిన మనిషి, ఈ ప్రయాణానికి సాయంగా వచ్చాడు.

"గిది కారే అన్నా, బొగ్గుబాయి కాదు" అని స్టీరింగ్ దగ్గర నుంచి నవ్వాడు డ్రైవర్ దేవదాస్.

"బాయిల దిగేముందు కప్పు తట్టి ఇంటం. నిన్నటి సప్పుడు, ఇయ్యాల్టి సప్పుడు ఒక్కటే ఉండాలె. మారిందంటే లోపట ఏదో మారినట్టే."

"కారు కూలుతదా ఏంది?"

"మా తమ్ముడు గూడ గిట్లనే నవ్విండు. గా పొద్దు తట్టకుంటనే దిగిండు."

దేవదాస్ నవ్వు ఆగిపోయింది. అంబదాస్ మాత్రం వాచీ చూసుకున్నాడు. తట్టడం లిస్టులో లేదు.

ఏడున్నరకు నర్మద వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. రోలాండ్ అనే విదేశీ ఆయుధాల వ్యాపారి దగ్గర ఆమె స్టెనో. అతను దొంగ విమానాల్లో స్టేట్‌కు తుపాకులు దింపుతున్నాడు. ఆరు నెలలుగా ఆమె అతని లెటర్లు టైపు చేస్తూనే కాపీలు యూనియన్‌కు పంపుతోంది. ఈసారి ఆమె ఎడమ చెప్పు మడమలో మైక్రోఫిల్మ్ ఉంది. రాబోయే పన్నెండు విమానాలు ఎప్పుడు, ఎక్కడ దిగుతాయో అంతా అందులోనే.

"జొన్నరొట్టె ఉన్నదా?" అడిగాడు అంబదాస్.

"ఉన్నది. మాడింది. తింటవా?"

కోడ్ కలిసింది. కారు కదిలింది.

"రోలాండ్‌కు అనుమానం రాలేదా?"

"లీవ్ అడిగిన. నవ్వుకుంట ఇచ్చిండు. ఎన్నడు నవ్వనోడు నవ్విండు. గదే జర పరేషాన్‌గ ఉన్నది."

పెన్‌గంగ ఒడ్డున సరిహద్దు సుంకం నాకా దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ యాభై. వరండాలో కుర్చీ వేసుకుని తెల్ల సూటు మనిషి ఒకడు కాఫీ తాగుతున్నాడు.

"గాయననే రోలాండ్" అంది నర్మద పెదవులు కదలకుండా.

రోలాండ్ ఆమె వైపు చూసి టోపీ కొంచెం పైకెత్తాడు. మళ్లీ నవ్వాడు.

నాకా గుమాస్తా రిజిస్టర్ తెరిచి రాయమల్లు వైపు పెన్ను చూపించాడు. "ఏ దేశం?"

"బెల్లంపల్లి."

పెన్ను ఆగింది. అంబదాస్ గుండె కూడా.

"గది ఊరు. నేనడిగేది దేశం."

"నేను పుట్టిన మట్టి గది. నా తమ్మున్ని పెట్టిన మట్టి గది. గంతకన్న పెద్ద దేశం నాకు తెల్వది. రాసుకో."

"నాగపూరే, నాగపూరే" అంటూ అంబదాస్ అడ్డం వచ్చాడు. "కొన్నాళ్లు పనికి బెల్లంపల్లిలో ఉన్నాడు లెండి."

గుమాస్తా వరండా వైపు చూశాడు. రోలాండ్ కప్పు మీద చెంచాతో రెండుసార్లు కొట్టాడు.

"గాడీ చెకింగ్. షెడ్డుల పెట్టి తాళాలిచ్చి బయట నిలబడుండ్రి."

కారు షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి తొమ్మిదీ పన్నెండు. బల్లకట్టు నిండిపోయి ఉంది. ఊళ్లు వదిలి యూనియన్ క్యాంపులకు పోతున్న కుటుంబాలు. మూటలు, కోళ్లు, చంటిపిల్లలు. నలభై మందికి పైనే.

రాయమల్లు మళ్లీ కర్ర ఎత్తాడు.

"బంద్ చెయ్!" అంబదాస్ పళ్లు నూరాడు. "నీ నోటితోనే ఇంత లేటయింది. ఎక్కు!"

"తట్టకుంట నేనెక్క."

"ఎక్కకు. నడిచి రా!"

"నడుస్తా తియ్. నీకు భయపడి కప్పు కింద కూసుండేటోన్ని కాను తమ్మీ."

దేవదాస్ కారును బల్లకట్టు మీదికి ఎక్కించాడు. వెనకాలే రాయమల్లు నడుచుకుంటూ వచ్చాడు. తాడు వదిలారు. గడలు నీళ్లలో దిగాయి. కొత్త వానల ఎర్రనీళ్ల మీద బల్లకట్టు మెల్లగా సాగింది.

నది మధ్యకు చేరాక రాయమల్లు లేచాడు. ఎవరినీ అడగలేదు. కర్ర తీసుకుని కారు చుట్టూ తిరిగాడు.

టంగ్. టంగ్. టంగ్. దబ్.

వెనక ఎడమ డోరు. మళ్లీ కొట్టాడు. దబ్.

ఒళ్లో కోడిని పెట్టుకుని కూర్చున్న కొమురవ్వ అనే ముసలామె అడిగింది. "ఏంది కొడుకా, కారుకు జరమొచ్చిందా?"

"వచ్చిందవ్వా. ఏదో మింగింది. నువ్వు జర అటు జరుగు. తమ్మీ! పొద్దుగాల గీ తలుపు టంగ్‌మన్నది. గిప్పుడొచ్చి ఇను."

విసుగ్గా వచ్చి డోరుకు చెవి ఆనించాడు అంబదాస్. టిక్. టిక్. టిక్.

దేవదాస్ స్క్రూడ్రైవర్‌తో డోరు లోపలి అట్ట ఊడదీశాడు. డైనమైట్ కట్ట. బ్యాటరీ. అలారం గడియారం. సమయం తొమ్మిదీ ఇరవై ఎనిమిది. అలారం ముల్లు తొమ్మిదిన్నర మీద ఉంది.

"గందుకే నవ్విండు" అంది నర్మద. "నన్ను పట్టుకుంటే నేనొక్కదాన్నే పోదును. గీడ పేలితే మనం పోతం, ఫిల్మ్ పోతది, గీళ్లందరు పోతరు. రేపు పేపర్ల యూనియన్ ఏజెంట్ల బాంబే పేలిందని రాపిస్తడు."

"నదిలో పడేద్దాం!" అంబదాస్ చెయ్యి చాచాడు.

"ముట్టకు!" రాయమల్లు ఆ చేతి మీద ఒక్కటి వేశాడు. "గుంజితె తీగలు కలిసి పేలుతది. గీ కట్టె పట్టుకో. పట్టుకుని సప్పుడు చెయ్యకుంట నిలవడు."

బి.ఏ. చదివిన ఏజెంట్ నైన్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడో ఒక పిల్ల ఏడ్చింది. కొమురవ్వ ఆ పిల్ల చేతికి కోడిని ఇచ్చింది.

రాయమల్లు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏ తీగ ఎటు పోతుందో వేలితో ముట్టకుండా కళ్లతోనే చూశాడు. తర్వాత వంగి, మందును పేల్చే డిటొనేటర్ తీగ ఒకదాన్ని పళ్లతో కొరికి తెంపాడు. రెండోదాన్నీ కొరికాడు. ఇక బ్యాటరీ కరెంటు సోకకుండా, గనిలో చేసినట్టే డిటొనేటర్ వైపు కొసలు రెండూ ఒకదానికొకటి మెలేస్తున్నాడు.

గణగణగణ!

అందరూ తలలు వంచారు. బల్లకట్టు ఊగింది.

ఇంకేమీ కాలేదు. అలారం ఒక్కటే మోగుతోంది.

రాయమల్లు గడియారాన్ని విడదీసి నర్మద చేతిలో పెట్టాడు. ఆమె నిటారుగా నిలబడి, మోగుతున్న గడియారాన్ని తలపైకెత్తి నాకా వైపు చూపించింది. వరండాలో రోలాండ్ రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఉన్నాడు. కాసేపటికి ఒక వేలు తీశాడు. తర్వాత రెండోది.

దేవదాస్ హారన్ మీద చెయ్యి పెట్టాడు. అవతలి ఒడ్డు చేరేదాకా తియ్యలేదు.

చాందా క్యాంపులో చీఫ్ మైక్రోఫిల్మ్ చూసి తలూపాడు. రిపోర్టు అడిగాడు. ఫారంలో సహాయం చేసిన వారి పేరు, దేశం అని రెండు గళ్లున్నాయి. అంబదాస్ మొదటి గడిలో రాయమల్లు అని రాశాడు. రెండో గడిలో బెల్లంపల్లి అని రాశాడు.

"ఇది తప్పు" అన్నాడు చీఫ్.

"కాదు సర్" అన్నాడు అంబదాస్. జీవితంలో ఆర్డర్‌కు ఎదురు చెప్పడం అదే మొదలు. అంతటితో ఆగకుండా, పొద్దున కాల్చడం మరిచిపోయిన లిస్టు జేబులోంచి తీసి కింద ఏడో పని రాశాడు: కారు తట్టాలి.

ఆ ఫారం ఏ బీరువాలో ఉందో తెలియదు. రాయమల్లుకు పతకం రాలేదు. వారం తిరక్కుండా పరదేశం కాని తన పరదేశానికి తిరిగిపోయి మళ్లీ గనిలో దిగాడు. మీరు ఎప్పుడైనా దోస్తులతో దూర ప్రయాణానికి బయలుదేరితే, కారెక్కే ముందు డోరు మీద ఒక్కసారి తట్టండి. టంగ్‌మంటే నిశ్చింతగా వెళ్లండి. వెళ్తూ వెళ్తూ రాయమల్లును తలుచుకోండి.