గొడుగులో దాగిన కార్డు

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో పొద్దుటినుంచీ ఒకటే వెతుకులాట. 'జి' అక్షరంలో 'గుడ్ బై' కార్డు కనబడటం లేదు.

అక్కడ మాటకో కార్డు. అర్థం తాత్కాలికంగా చేరిన ఒకమ్మాయి రాస్తే, పుట్టుకా వాడుకా పక్క బల్ల అబ్బాయి రాస్తాడు. 'జి' పూర్తయ్యేవరకే ఆమె ఉద్యోగం. ఆ ఒక్క కార్డూ పెట్టెలో పడితే రేపటినుంచి ఆమె కుర్చీ ఖాళీ.

"సోమవారం మీ చేతికే ఇచ్చాను," అందామె.

"నా బల్ల మీద పడిందేదీ దొరకదని మీకు తెలియదా?" అంటూ బల్ల కిందికి దూరాడతను.

ఎడిటరు అతని మేనమామే. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని దాన్నీ వెతుకుతున్నాడు. "ఒరేయ్, కార్డు దొరికేదాకా అమ్మాయిని పంపేది లేదు!"

"అలాగే మామయ్యా!" బల్ల కిందినుంచి మహా హుషారుగా జవాబొచ్చింది.

సాయంత్రం టీ తాగొద్దామని ఆమె గుమ్మం దాకా వెళ్లిందో లేదో, వాన మొదలైంది.

"తడిసిపోతారు, ఉండండి!" అతను పరుగున వచ్చి తన గొడుగు అందించాడు. మరుక్షణం నాలుక్కరుచుకుని, "వద్దు, వద్దు, అది ఇటివ్వండి!" అన్నాడు.

అప్పటికే ఆమె గొడుగు విప్పేసింది. లోపలినుంచి కార్డు జారి ఆమె కాళ్ల దగ్గర పడింది.

దానిమీద ఆమె రాసిన అర్థం కింద అతని చేతిరాత. 'పుట్టుక: దేవుడు మీకు తోడుండుగాక అనే ఇంగ్లీషు దీవెన, వందల ఏళ్లు నోళ్లలో నలిగి ఇంత చిన్నదైంది.' వాడుక దగ్గర మాత్రం నాలుగు కొట్టివేతలు.

"దొంగా!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఏ వాక్యం రాసినా మీరు వెళ్లిపోతున్నట్టే ఉందండీ. చేతులు రాలేదు."

ఇది ఆమెకు నాలుగో ఆఫీసు. వెళ్లిన ప్రతిచోటా నవ్వుతూ సాగనంపినవాళ్లే. తనను ఆపడానికి ఇంత చిన్న దొంగతనమైనా ఎవరూ చేయలేదు.

"పెన్నివ్వండి," అంది. గోడకు ఆనించి తనే రాసింది: 'అందరికీ గుడ్ బై చెప్పి ఆమె అతని గొడుగులో ఇంటికి బయలుదేరింది.'

అతను రెండుసార్లు చదువుకున్నాడు. "ఈ గొడుగులో... ఇద్దరమా?"

"దేవుడికి వెయ్యి పనులుంటాయి. తోడుకు మీరు రాలేరా?"

"ఎందాకా?"

"వీధి చివరిదాకా అయితే ఇంత బతిమాలుతానా?"

"ఒరేయ్!" లోపలినుంచి కేక. "దొరికిందా?"

అతను ఆమెవంకే చూస్తూ చెప్పాడు.

"కార్డు కూడా దొరికింది మామయ్యా!"