స్లాబు పోశాక పిలుపు

జువ్వలదిన్నె హార్బరు దగ్గర ముత్యాలయ్య గారి మూడంతస్తుల కాంప్లెక్సుకి ప్లాన్ గీసింది నేనే. కింద వలల షాపులు, మధ్యలో ఆయన చేపల కంపెనీ ఆఫీసు, పైన మీటింగు హాలు. ఊరంతా మెచ్చుకునేసరికి నాకు నెత్తిన కొమ్ములు మొలిచాయి.

అప్పుడొచ్చింది జబీనా. ఏసీ, కరెంటు, నీళ్ల లైన్లు చూసే ఇంజనీరు, నెల్లూరు నుంచి. హెల్మెట్ కింద నుంచి ఒక్క చూపు చూసి అడిగింది.

“పై బాత్రూం పైపులు కిందికి దిగేదానికి షాఫ్ట్ యాడ?”

ప్లాను తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా లేదు. ఏసీ గాలి తిరిగే డక్టులకీ దారి లేదు.

“స్లాబు పోసి, రంగులేసినాక పిలిస్తే నేనేం చెయ్యాల అజ్మల్ గారూ? దువా చెయ్యాల్నా?”

నాకు ఒళ్లు మండింది. మిమ్మల్ని ముందే పిలిస్తే నా డిజైనంతా పైపులమయం చేస్తారని అనేశాను. ఆమె పకపకా నవ్వింది. నేను తిట్టడం మర్చిపోయాను.

చివరికి పైపు దిగడానికి ఒకటే దారి మిగిలింది, ముత్యాలయ్య గారి గది నడిమధ్య నుంచి. దాని చుట్టూ బోర్డు కట్టి, బంగారు రంగు వేయించి, స్తంభమని ఆయనకి నచ్చజెప్పాను. పైన ఎవరైనా ఫ్లష్ నొక్కితే స్తంభం గర్జించేది. ముత్యాలయ్య గారు చెయ్యెత్తి మాట ఆపేవారు. ఎదుటివాళ్లూ ఆపేవారు. శబ్దం తగ్గాక మళ్లీ బేరం మొదలయ్యేది. వారంలో అది ఆ గది ఆచారమైపోయింది. ఒకాయన స్తంభానికి దండం కూడా పెట్టాడు.

డక్టుల కోసం గోడలు పగలగొడుతూ నెల రోజులు జబీనా పక్కనే దుమ్ము తిన్నాను. ఒకరోజు మేడ మీద ఉండగా వాన దంచికొట్టింది. నీళ్లు పోయే దారి లేక మోకాలి లోతున నిలబడ్డాం. “వానక్కూడా దారి పెట్టలా నువ్వు,” అంది, తడిసిన కనురెప్పలు తుడుచుకుంటూ. ‘గారూ’ ఎప్పుడు పోయిందో తెలియదు. అంతే, పడిపోయాను.

ఇంట్లో చెప్పాను. మా అబ్బా ఇమామ్ సాహెబ్ వెళ్లి జబీనా వాళ్ల నాన్నతో మాట్లాడారు. “అమ్మాయి ఇష్టం,” అన్నారట ఆయన. మా ఇంట్లో దాన్ని సరేనన్నట్టే లెక్కేశాం. కావలిలో హాలు, బిర్యానీ మాస్టరు, అన్నీ మాట్లాడేశాను. పెళ్లి కార్డులు అచ్చేయించి హార్బరంతా పంచాను. మిగిలిన ఒక్క కార్డు జబీనాకి ఇచ్చాను, ముత్యాలయ్య గారి గదిలో, ఆయన ఎదురుగానే.

ఆమె చదివింది. నవ్వలేదు. ఎర్ర పెన్ను తీసి తేదీకి సున్నా చుట్టి, ‘ఆ రోజు నాకు తడ సైటులో టెస్టింగ్’ అని రాసింది. హాలుకి సున్నా చుట్టి ‘ఏసీ చాలదు’ అని రాసింది. పెళ్లికూతురి పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

“దీనికీ స్లాబు పోసినాకే పిలిచినావు,” అంది. “నీ బిల్డింగైతే గోడ పగలగొట్టి సర్దినా. నా బతుకుని ఎట్టా సర్దేది?”

ఊరందరికీ చెప్పాను, ఆమెనొక్కదాన్నే అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి కార్డులన్నీ వెనక్కి తీసుకున్నాను. హార్బరంతా నవ్వింది. నవ్వనీ అనుకుని, తెల్ల కాగితం, పెన్సిలు పట్టుకుని అదే గదికి వెళ్లాను. జబీనా అక్కడే స్తంభం పక్కన లెవెల్ చూస్తోంది. ముత్యాలయ్య గారూ ఉన్నారు.

“ఏమీ గియ్యలా జబీనా. తేదీ లేదు, హాలు లేదు. నువ్వంటే ఇష్టం, అదొక్కటే ఉండాది. నన్ను చేసుకుంటావా? వద్దంటే వద్దు.”

ఆమె నోరు తెరిచింది. స్తంభం గర్జించింది. ముత్యాలయ్య గారు ఆచారం ప్రకారం చెయ్యెత్తారు. ముగ్గురం కదలకుండా నిలబడ్డాం. అంత పొడుగు ఫ్లష్ నా జన్మలో వినలేదు.

ఈలోగా ఆమె కాగితం, పెన్సిలు లాక్కుని, నడిమధ్యన చిన్న చదరం గీసింది.

శబ్దం ఆగింది. ఇదేందమ్మా అని ముత్యాలయ్య గారే అడిగారు.

“షాఫ్ట్. మా ఇద్దరికీ కోపాలొస్తే దిగిపోయేదానికి దారి,” అంది జబీనా. “ముందు ఇది. గోడలు ఇద్దరం కలిసి గీస్తాం.”

పెన్సిలు నా చేతిలో పెట్టింది. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.